ఏడో వంతెన మీది మాట

తల వెనుకకు వాల్చమన్నది నర్సు, వాల్చాను. కుడి కంటిలో ఒక చుక్క, ఎడమ కంటిలో ఒక చుక్క, ఆ పైన సన్నని మంట, ఆ మంట చల్లారేలోపుననే గదిలోని వెలుతురంతా పాలు పొంగినట్లు పొంగి ప్రతి వస్తువు అంచునూ తనలో కలుపుకొన్నది. గంటసేపు ఏమీ చదవకూడదు తాతగారూ, కళ్లు మూసుకుని ఉండండి, అని ఆమె చెప్పినది, ఆమె చెప్పుల చప్పుడు వరండా వైపునకు సాగిపోయినది. చదవకూడదట. ఉద్యోగమున్నంత కాలమూ కళాశాలలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి, చదవడం తప్ప మరొక వ్యసనం ఎరుగని మనిషికి గంటసేపు చదువు నిషేధం. సరే, ఎదుటి గోడమీది అక్షరాల పట్టిక కూడా ఇప్పుడొక నీటిమరక వలె ఉన్నది గనుక ఆ నిషేధాన్ని ఉల్లంఘించే అవకాశమూ లేదు. కంటిలో చుక్కలు పడ్డాయి, ఇక బయటి నుండి చుక్క రావాలి. ఈ చమత్కారం నాది కాదు, చుక్క తండ్రి, నా స్నేహితుడు, చేయవలసినది, అటువంటివన్నీ వాడి సొత్తు. కూతురికి చుక్క అని ముద్దుపేరు పెట్టినదీ వాడే, పసితనంలో వాడి బొమ్మలన్నిటి మీద సిరా వేలితో చుక్కలు పెట్టి పాడు చేసినందుకు. ఆ చుక్కకు ఇప్పుడు తల నెరుస్తున్నది, తండ్రి వలెనే బొమ్మలు వేసి బ్రతుకుతున్నది. ఈ ఉదయం నన్ను తన కారులో ఇక్కడికి తీసుకొని వచ్చినది, దారిలో ఆమె ఒక మాట అన్నది, నేనొక మాట అన్నాను, ఆ రెండు మాటల నడుమ ఈ గంట ఇరుక్కొని ఉన్నది. పుస్తకం ఈ సాయంకాలం అచ్చుకు వెళ్లాలి. ఆఖరి పుటలో ఒక మాటల బుడగ ఖాళీగా ఉన్నది. దానిని నేను నింపాలి, లేదా పుస్తకం మీది నుండి నా పేరు తొలగించాలి. తొలగించమని అన్నది నేనే. గంటలో వస్తాను పెదనాన్నా, అప్పుడు కూడా తీసేయమంటే తీసేస్తా, అని నన్ను ఈ కుర్చీలో దింపి, ప్రెస్సువాళ్లతో మాట్లాడడానికి వెళ్లినది. కోపంగా అనలేదు. అది నాకు నచ్చలేదు.

ఒక నది, దాని పొడవునా ఏడు వంతెనలు, వాటిని తనిఖీ చేయడానికి ప్రభుత్వం పంపిన ఒక పొట్టి మనిషి, పిలవకపోయినా అతని వెంట నడిచే ఒక కొంగ. పిల్లల మాసపత్రిక వెనుక పుటలలో మేమిద్దరం నడిపిన బొమ్మల కథ ఇంతమాత్రమే. ఏడవ వంతెన అవతల తనిఖీదారు ఊరు, కనుక అతడు ఉద్యోగమూ చేస్తున్నాడు, ఇంటికీ పోతున్నాడు. ప్రతి వంతెన మీదా గొడుగు మొనను పలకకు గుచ్చి, మీసం సవరించుకొని, ఈ వంతెన సురక్షితముగా నున్నది అని నిండు గ్రాంథికంలో ప్రకటించేవాడు. ప్రకటించిన మరుక్షణం ఆ పలక ఊడి నీళ్లలో పడేది. చప్పుడు విన్నారా దొరగారూ, అని కొంగ అడిగేది. ఇతరులు ముందు కథ వ్రాసి పిమ్మట బొమ్మలు వేయించుకొంటారు, మా పద్ధతి తలక్రిందులు. ముందు వాడు బొమ్మ వేసేవాడు, నాతో ఒక్క ముక్క చెప్పకుండా. ఎక్కడ ఎవరైనా మాట్లాడాలని తనకు తోచినదో అక్కడ ఖాళీ బుడగ వదిలి, ఆ పుటలను నా గది తలుపు క్రింది నుండి లోపలికి త్రోసి పోయేవాడు. నేను కళాశాల నుండి వచ్చి, కోటు విప్పకుండానే నేలమీద వాటిని పరచుకొని చూచేవాడిని. తనిఖీదారు చెంపమీద వాడు కన్నీటిబొట్టు వేస్తే, ఆ బుడగలో నేను, కంటిలో నలుసు పడినది, అని వ్రాసేవాడిని. వాడు అతనికి రొమ్ము విరుచుకొన్న ఠీవి ఇస్తే, ఈతగాండ్రెవరైనా సమీపమున నున్నారా, అని నేను అడిగించేవాడిని. బొమ్మ ఒకటి చెప్పేది, మాట మరొకటి చెప్పేది, ఆ రెంటి నడుమనున్న సందులో ఆ పొట్టి మనిషి ప్రాణం పోసుకొని తిరిగేవాడు. మరునాడు వాడు నా వ్రాత చూచి, ఏమోయ్ వ్యాకరణం, నా వాడిని ఏడవనివ్వవా, అనేవాడు. నన్ను వాడు వ్యాకరణం అనే పిలిచేవాడు, నా విద్యార్థుల ఎదుట కూడా. నేను వాడిని మేస్త్రీ అనేవాడిని, గోడ కట్టినట్లు గీత మీద గీత పేర్చేవాడు గనుక.

ఆరవ వంతెన దిగి, ఏడవ దానికి పోయే మలుపులో తనిఖీదారు ఆగిపోయాడు. ఆపినది మేమే, దాని గురించి నేటికీ నాకు పశ్చాత్తాపం లేదు. పత్రిక చేతులు మారినది, కొత్త యజమాని మమ్మల్ని పిలిపించి, అద్దాల బల్ల మీద ఒక పత్రం పెట్టి, ఇకమీదట బొమ్మలూ మావే, మాటలూ మావే, తనిఖీదారు మావాడే, కొంగ కూడా మాదే, మీకు జీతం ఉంటుంది, సంతకం పెట్టండి అన్నాడు. ఆ పత్రంలోని ఇంగ్లీషులో రెండు తప్పులున్నాయి, నేను వాటిని చూపించాను. మేస్త్రి మాత్రం చాలా వినయంగా, కొంగను మీరే పట్టుకోవాలండీ, మాకు ఎప్పుడూ చిక్కలేదు, అన్నాడు. బయటకు వచ్చి మెట్ల మీద నిలబడి ఇద్దరమూ ఆయాసపడేటంతగా నవ్వుకొన్నాము. మావి మాకే మిగిలాయి, అచ్చువేసే చోటు మాత్రం మిగల్లేదు. ఆ పిమ్మట వాడు అంగళ్లకు బోర్డులు వ్రాశాడు, పాఠ్యపుస్తకాలకు గుండెకాయలూ ఊపిరితిత్తులూ గీశాడు. నేను పాఠాలు చెప్పాను. సాయంకాలాలు వాడి రంగుల గది గుమ్మంలో, టర్పెంటైన్ వాసనలో, మడతకుర్చీ వేసుకొని, ఏడవ వంతెన గురించి మాట్లాడేవాడిని. మాట్లాడేవాళ్లం అనబోయినాను, లేదు, మాట్లాడినది నేను. నా ముగింపు నాకు ఎప్పుడో తట్టినది, తట్టిననాడే అది పరిపూర్ణమని తెలిసినది. ఏడవ వంతెన అసలు లేదు. కాగితాలలో ఉన్నది, పటంలో ఉన్నది, దాని మరమ్మతుకు ఏటేటా నిధులు కూడా మంజూరైనవి, కాని నది ఒడ్డున నిలబడి చూస్తే నీళ్లు తప్ప మరేమీ లేదు. తనిఖీదారు గొడుగును ఇసుకలో గుచ్చి, మీసం సవరించుకొని, ఈ వంతెన సురక్షితముగా నున్నది అని వ్రాసుకొంటాడు, ఎందుకంటే లేని వంతెన కూలదు. ఎంత పదునైన ముగింపు. వ్యంగ్యం, విషాదం, ప్రభుత్వం, సర్వమూ ఒక్క వాక్యంలో. చెప్పిన ప్రతిసారీ మేస్త్రి కుంచె దించకుండానే, చాలా బాగుంది, అనేవాడు.

నా ప్రక్క కుర్చీలలో భార్యాభర్తలిద్దరు ఉన్నారు, గొంతులను బట్టి నాకంటె కొద్దిగా చిన్నవారు. ఆయన కళ్లలో కూడా చుక్కలు వేసినట్లున్నారు, ఆమె దినపత్రిక చదివి వినిపిస్తున్నది, చదువుతూ చదువుతూ ఆగిపోయినది.

"ఏంటి, అంతేనా?" అన్నాడాయన.

"అంతే."

"పేజీ తిప్పిన చప్పుడు వినబడింది. మిగతాది అవతల పేజీలో ఉంటుంది, చదువు."

"విసురుకుందామని తిప్పా. ఇక్కడ ఫ్యాను మీ వైపే తిరుగుతోంది."

"ఎవరు గెలిచారో అది చెప్పవే ముందు."

"ఎవరు గెలిస్తే మీరు అలుగుతారో నాకు తెలుసు. కళ్లు వచ్చాక మీరే చూసుకోండి, డాక్టరు గారు బీపీ చూస్తానన్నారు."

ఆయన గొణుక్కొంటున్నాడు, కాగితం గాలికి రెపరెపలాడుతున్నది, నాకు ఆ గొణుగుడులో ఎందుకో మా పాఠకులు జ్ఞాపకం వచ్చారు. అవతల పేజీ ఎక్కడ అని అడుగుతూ వచ్చినవారు. చుక్క మొదటిసారి ఈ పుస్తకం ప్రస్తావన తెచ్చిననాడు నేను ఆమెను నిలబెట్టే, చందాలు పోగుచేస్తావా, అని అడిగాను, తండ్రి పేరు చెప్పి పళ్లెం పట్టుకొని వీధివీధి తిరుగుతావా అని కూడా అన్నాను. తిరగడం కాదు పెదనాన్నా, క్రౌడ్ ఫండింగ్ అంటారు, పుస్తకం పుట్టకముందే కొనుక్కోమని అడగడం, అన్నది. పుట్టని దానిని ఎవరు కొంటారమ్మా, అంటే, మధ్యలో ఆగిపోయి కూడా మర్చిపోలేనివాళ్లు, అన్నది. ప్రచురణ సంస్థ దగ్గరికి వెళ్దామంటే వెళ్దాం, కానీ వాళ్లు ముందు కొంగను అడుగుతారు, అని కూడా అన్నది. కొంగ మాట వినేసరికి నాకు మెట్ల మీది నవ్వు వినిపించినది, ఒప్పుకొన్నాను. పిమ్మట వచ్చిన సందేశాలను ఆమె నన్ను కూర్చోబెట్టి చదివి వినిపించేది. ఆ కొంగ ఇంకా బతికే ఉందా, అని ఒకరు. మా అన్నయ్యా నేనూ ఆ పత్రిక కోసం కొట్టుకొని ఆరో వంతెనను నిలువునా చింపాం, సగం వాడి దగ్గర ఉంది, సగం నా దగ్గర, ఇద్దరికీ చెరొక పుస్తకం పంపండి, ఈసారి కొట్టుకోం, అని ఒకావిడ. ఆయన ఇంటికి చేరాడా లేదా, అది ఒక్కటి చెప్పండి చాలు, పుస్తకం ఆలస్యమైనా ఫరవాలేదు, అని మరొకరు. ఇంతమంది పెద్దవాళ్లు, ఉద్యోగాలున్నవాళ్లు, ఒక పొట్టివాడు ఇంటికి చేరాడా అని అడుగుతున్నారు. అడిగినవారికి నా వద్ద సమాధానం ఉన్నదని, పదునైనదని, నేను లోలోపల మురిసిపోతూ వచ్చాను. ఈ ఉదయం వరకు.

ఈ ఉదయం కారు ఎక్కడానికి ముందు ఆమె తన పలక వంటి తెరను నా చేతిలో పెట్టినది, ఏడవ వంతెన పుటలు, రాత్రి పూర్తి చేశాను పెదనాన్నా, అని. మొదటి పుటలోనే వంతెన ఉన్నది. రాతి కమానులతో, ఇనుప కటకటాలతో, ఎండలో నీడ పడుతూ, నిక్షేపంగా ఉన్నది. నేను తెరను మూసి ఆమెకు ఇచ్చివేశాను, మిగిలినవి చూడలేదు. వంతెన ఎక్కడిది, అన్నాను. ఏడో వంతెన పెదనాన్నా. ఏడవ వంతెన ఉండకూడదమ్మా, అని దారి పొడుగునా ఆమెకు నా ముగింపు చెప్పాను, నిధులతో సహా, ఇసుకలో గొడుగుతో సహా. ఎర్రదీపం దగ్గర కారు ఆగినప్పుడు ఆమె నా వైపు తిరిగి, చాలా బాగుంది పెదనాన్నా, అన్నది. కానీ నాన్న చెప్పింది ఇది కాదు, వంతెన ఉంటుంది, ఎవరు కట్టారో తెలీదు, దాటి అవతలికి వెళ్తాడు అని నాకు రోజూ చెప్పేవాడు, నేను నిద్రపోయేదాకా చెప్పేవాడు. పసిపిల్లకు చెప్పిన మాట అది, అన్నాను. అందరికీ మనం మాటిచ్చింది కూడా అదే, అన్నది ఆమె. ఆ క్రౌడ్ ఫండింగ్ ప్రకటన మీరే దిద్దారు కదా. దిద్దాను. తానే వ్రాసుకొన్న విన్నపాన్ని ఆమె నాకు పంపినప్పుడు ఎర్రసిరా కలంతో కూర్చొన్నాను. నాన్న చెప్పిన ముగింపు అని ఆమె వ్రాసినచోట, తండ్రిని అంత చులకనగా అనరాదని, నాన్నగారు సెలవిచ్చిన ముగింపు అని మార్చాను, ఆ సెలవిచ్చిన అన్న మాటకు సంతోషించాను, ఒక కామాను తొలగించాను, మూడుచోట్ల దీర్ఘాలు సరిచేశాను. ఆ ముగింపు ఏదని అడగలేదు. ఆమె వ్రాసినదానిలో ప్రతి అక్షరాన్నీ చూచాను, ఆమె ఏమి చెప్తున్నదో చూడలేదు. మేస్త్రి బ్రతికి ఉంటే ఈ సంగతిని నలుగురికీ చెప్పుకొని తిరిగేవాడు. అయితే నా పేరు తీసివేయి, అని నేను అన్నది ఆ తరువాతనే. తప్పు చేసి దొరికిపోయినవాడు అనే మాట అది, ఎక్కడ విన్నా గుర్తుపట్టగలను, విద్యార్థుల నోట చాలాసార్లు విన్నాను.

కళ్లు మూసుకొన్నా వెలుతురు ఎర్రగా లోపలికి వస్తున్నది. చాలా బాగుంది పెదనాన్నా. ఆ గొంతులో ఏదో నాకు తెలిసినది ఉన్నది, కారు కదిలిన తరువాత కూడా చెవిలో అదే తిరుగుతున్నది. గుడ్డల దుకాణం యజమాని ఒకడు, లావుపాటివాడు, తన బోర్డు మీద తన ముఖమే సూర్యబింబం వలె ఉదయిస్తున్నట్లు వేయమన్నాడు, కిరణాలు కూడా ఉండాలన్నాడు, నేను ఆ రోజు గుమ్మంలోనే ఉన్నాను. చాలా బాగుందండీ, అన్నాడు మేస్త్రి, కుంచె దించకుండా. యజమాని సంతోషంగా వెళ్లిపోయాడు, వారం తరువాత బోర్డు మీద ఉన్నది ఒక దారపు కండె. గుండెకాయకు రంగు ఇంకొంచెం ఉల్లాసంగా ఉండాలన్న పాఠ్యపుస్తకాల అధికారికి కూడా, చాలా బాగుంది. ఆసుపత్రిలో, ఆఖరి నెలలలో, పెద్ద డాక్టరు మంచం ప్రక్కన నిలబడి ఇంకొక కోర్సు చేద్దాం, ఉత్సాహంగా ఉండాలి మీరు, అన్నప్పుడు, దిండు మీది నుండి తల ఎత్తకుండానే, చాలా బాగుంది డాక్టరు గారూ, అన్నాడు, మరుసటి దినమే ఇంటికి వచ్చేశాడు. నిజంగా నచ్చినప్పుడు వాడు ఏమి అనేవాడు. జ్ఞాపకం చేసుకొంటున్నాను. ఈతగాండ్రను నేను అడిగించిన పుట చూచి వాడు ఏమీ అనలేదు, చొక్కా తొడుక్కొని టీకి పోదాం రమ్మన్నాడు, దారంతా ఈల వేశాడు. కంటిలో నలుసుకు నన్ను తిట్టాడు. నచ్చినదానికి తిట్టు ఉండేది, ఈల ఉండేది, పెన్సిలు చెక్కడం ఉండేది. చాలా బాగుంది అన్నది మాత్రం తలుపు మూయడానికి వాడు వాడే మాట, చప్పుడు కాకుండా మూయడానికి. అన్ని సాయంకాలాలు, ఆ మడతకుర్చీలో, ఆ తలుపు ముందు కూర్చొని నేను లోపల ఉన్నాననుకొన్నాను.

ఎందుకు చెప్పలేదు. నీ ముగింపు నాకు నచ్చలేదోయ్ వ్యాకరణం అంటే సరిపోయేది గదా, నేను వాదించేవాడిని, గెలిచేవాడిని కూడా. అదే కారణం కాబోలు. మాటలలో నాతో ఎవడు వాదిస్తాడు, వాడు ఏనాడూ వాదించలేదు, కాదనదలచుకొన్నది బొమ్మలో కాదనేవాడు. ఏడవ వంతెన వేసే రోజే వచ్చి ఉంటే, నాతో ఏమీ అనకుండా రాతి కమానుల వంతెన ఒకటి వేసి, పొట్టివాడిని దాని మీద నడిపించి, ఖాళీ బుడగలు వదిలి, తలుపు క్రింది నుండి త్రోసేవాడు. నేను నేల మీద పరచుకొని, కోటు విప్పకుండా, మండిపడి, ఆ తరువాత కలం తీసేవాడిని. వాడు ఆ రోజు కోసం ఊరకున్నాడు. ఆ రోజు రాలేదు. ఈ ఉదయం వచ్చినది, వాడి కూతురి చేత, తలుపు క్రింది నుండి కాక నేరుగా నా చేతికి, నేనేమో పుటలను తిరిగి బయటకు త్రోసివేశాను. కొంచెం నొప్పిగా ఉన్నది, లేదనను. కాని ఇది ఆ చుక్కల మంట వంటిదే, చల్లారుతున్నది. నా ముగింపు ఇప్పటికీ పదునైనదే, ఆ విషయంలో నేను తగ్గను. అయితే ఆ పొట్టివాడిని ఇన్నేళ్లుగా ఇసుకలో నిలబెట్టి ఉంచినది అదే. ఆరు వంతెనల పొడుగునా అతడు ఎక్కడైనా చతికిలబడ్డాడా, చెట్టునీడన ఒరిగాడా. లేదు, ఒక్క బొమ్మలో కూడా లేదు, మేస్త్రి అతడిని ఎప్పుడూ నిలువుకాళ్ల మీదనే వేశాడు, నేను గమనించనే లేదు.

"పెదనాన్నా, నిద్రపోయారా?"

"లేదమ్మా. ఎవరు గెలిచారో అని ఆలోచిస్తున్నాను."

"ఎవరు?"

"ప్రక్కాయనను అడుగు, ఆయనకూ తెలియదు. కూర్చో. ఆఖరి పుట నీ దగ్గర ఉన్నదా?"

ఆమె కూర్చొన్నది, సంచి జిప్పు చప్పుడు, తెర వెలుతురు ఒక తెల్లని మచ్చగా నా ఎదుట తేలినది. ఉంది గానీ మీకు కనబడదు కదా, అన్నది. కనబడదు, అందుచేత నీవే చెప్పు, అన్నాను. ఇన్నేళ్లలో మొదటిసారి నాకు బొమ్మ మాటలలో వచ్చినది. ఆమె తొందరపడకుండా చెప్పినది, తండ్రి వలె ముక్కలుముక్కలుగా: వంతెన అవతలి కొస. వెనకాల దూరంగా మిగతా ఆరూ చిన్నచిన్నగా కనబడుతుంటాయి. పలక ఏదీ ఊడలేదు. గొడుగు కటకటాలకు తగిలించి ఉంది. కొంగ ఒంటికాలి మీద అటు తిరిగి ఉంది, మన వైపు చూడట్లేదు. తనిఖీదారు మెట్టు మీద కూలబడి బూట్లు విప్పేశాడు, పాదాలు నీళ్లలో పెట్టాడు. పాదాలు పెద్దవిగా వేశాను పెదనాన్నా, నాన్న పాదాల్లా.

"బుడగ ఎక్కడ?"

"పాదాలకీ కొంగకీ మధ్య. సన్నగా ఉంటుంది. మూడు వరుసలు పడతాయి, చిన్న మాటలైతే."

"ఈ వంతెన సురక్షితముగా..."

"పట్టదు," అన్నది వెంటనే. "పట్టినా వద్దు."

నాకు నవ్వు వచ్చినది. వద్దంటున్నది, మేలు, చాలా బాగుంది అనలేదు. కాసేపు ఆ బొమ్మను నా మూసిన కళ్ల వెనుక పెట్టుకొని చూచాను, నీళ్లలో పెద్ద పాదాలు, అటు తిరిగిన కొంగ. ఆ మనిషి తన వంతెనల గురించి ఇంకేమీ చెప్పదలచుకోలేదు, అది స్పష్టంగా ఉన్నది.

"వ్రాసుకో. ఇక. రెండవ వరుస, కాసేపు. మూడవ వరుస, కూర్చుంటాను."

ఆమె వేలు తెర మీద ఆడినది. మొదటి వరుస, రెండవ వరుస, అక్కడ ఆగినది. మళ్లీ చెరిపి మళ్లీ వ్రాస్తున్నట్లున్నది.

"ఏమిటమ్మా?"

"కింది వరుసలో వత్తు అంచుకి తగులుతోంది. ర్చు కింద వేలాడుతోంది కదా, బుడగ గీతని దాటి పోతోంది. అక్షరం తగ్గిస్తే కనబడదు. బుడగ పెంచనా?"

"పెంచితే?"

"పాదాలు పోతాయి. ఒకటి పూర్తిగా, ఒకటి సగం."

నీ భాష నిండా కింద వేలాడేవే వ్యాకరణం, అని మేస్త్రి ఎన్నిసార్లు మొత్తుకొన్నాడు. ఆఖరి వరుసలో వత్తులు పెట్టకురా, ఇంగ్లీషువాడి బుడగకి ఈ గోల లేదు, నీ వత్తులకి చోటిచ్చి ఇచ్చి నా నది ఇంకిపోతోంది. నేను ఒక్క వత్తు కూడా వదల్లేదు. వాడు బుడగలు పెంచుతూ పోయాడు, అట్లా ఎన్ని ఒడ్లు, ఎన్ని గొడుగు అంచులు, కొంగ తోక ఎన్నిసార్లు నా సాధుశబ్దాల క్రింద కప్పబడిపోయినవో వాడికే తెలుసు. కూర్చుంటాను అన్నది సరైన రూపం. ఇందులో చర్చ లేదు. పరీక్షలో మరొక రూపం వ్రాసినవాడికి నేను మార్కు వేసేవాడిని కాను.

"పాదాలు అట్లాగే ఉంచు," అన్నాను. "కూచుంటా, అని వేయి."

ఆమె చప్పున నా వైపు తిరిగినట్లున్నది, తెల్లని మచ్చ కదిలినది.

"కూచుంటా అనా? మీరా?"

"ఇక, కాసేపు, కూచుంటా. సరిపోయినదా చూడు."

"సరిపోయింది," అన్నది. "కింద కొంచెం నీళ్లు కూడా కనబడుతున్నాయి." ఆ వెంటనే, "మరి పేరు, పెదనాన్నా? ప్రెస్సువాళ్లు ఫైలు కోసం చూస్తున్నారు. ఉంచనా, తీసేయనా?"

వరండాలో నర్సు చెప్పుల చప్పుడు దగ్గరవుతున్నది, నన్ను పిలవబోతున్నది. ప్రక్కాయన భార్య పత్రికను మడుస్తున్నది. నేను లేచి నిలబడి కోటు సరిచేసుకొన్నాను. తలుపు ఎటు ఉన్నదో తెలియలేదు, చుక్క మోచెయ్యి పట్టుకొన్నది, విడిపించుకోలేదు.

"ఉంచు. మీ నాన్నది ముందు, పిమ్మట నీది, ఆ తరువాత నాది. పని జరిగిన వరుస అదే. ఇంకొక మాట, ప్రెస్సులో పుటలు దిద్దేవాడు ఎవడైనా ఆ మాట చూచి నీకు ఫోను చేస్తాడు, తప్పక చేస్తాడు. అది అచ్చుతప్పు కాదని చెప్పు. నేనే వ్రాశానని చెప్పు."